ఆదరణ కూడిక అయిపోయాక ఆమె దగ్గర ఎవరుంటారు?

సంపాదకులు గారికి నమస్కారాలు.

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని క్రైస్తవ కుటుంబాల్లో ఇంటి మగమనిషి పోతే సంఘమంతా కదిలి వస్తుంది. సమాధి తవ్వించడం, పెట్టె తెప్పించడం, వచ్చినవాళ్లకు చాయ్ పోయడం, అన్నీ ఎవరో ఒకరు చూసుకుంటారు. తర్వాత ఒక తేదీ అనుకుని ఆదరణ కూడిక పెడతారు. షామియానా, మైకు, ముగ్గురు నలుగురు దైవజనుల ప్రసంగాలు, అందరికీ భోజనం. సాయంత్రానికి కుర్చీలు ట్రాలీ ఎక్కుతాయి, చుట్టాలు బస్సెక్కుతారు. ఆ ఇంటామెకు అసలు కష్టం ఆ మర్నాడు మొదలవుతుంది. అప్పులవాళ్లు వచ్చేది అప్పుడే, కాగితాల కోసం తిరగాల్సి వచ్చేది అప్పుడే, రాత్రి నిద్రపట్టక కూర్చునేదీ అప్పుడే. ఆదరణ అన్న మాటకు మనం ఒక్క పూట కూడిక అన్న అర్థమే మిగిల్చామని మా బాధ. స్త్రీల కూడికలు నడిపేవాళ్లకు, పాస్టరమ్మలకు, సంఘ పెద్దలకు పనికొస్తుందని ఈ ఉత్తరం కొంచెం వివరంగా రాస్తున్నాం. దయచేసి ప్రచురించగలరు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు నల్లగొండలో పని మొదలుపెట్టిన నాటి నుంచి, తర్వాత దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మిషన్ కాంపౌండ్ల దాకా, సువార్త ఇళ్లలోకి వెళ్లింది ఎక్కువగా కాలినడకన తిరిగిన బైబిలు స్త్రీల వల్లే. 1907లో వచ్చి 1945లో ఇక్కడే కన్నుమూసిన డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ దేవరకొండ, నాగర్‌కర్నూలు, శంషాబాదులలో మందునూ వాక్యాన్నీ ఒకే చేత్తో ఇచ్చారు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివరి వచనం దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడాన్నే పవిత్రమైన భక్తి అంటుంది. పరామర్శ అంటే ఇంటికి పోవడం. ఆమెనే మన దగ్గరికి రమ్మని కబురు పెట్టడం కాదు.

మొదటి వారం సంగతి ముందు చెప్పాలి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేలమీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే; నోరు తెరిచాకే తప్పంతా జరిగింది. మనం మాత్రం గడప దాటకముందే నోరు తెరుస్తాం. “దేవుని చిత్తమమ్మా”, “ఇంకా మంచి చోటికే పోయిండు”, “ఏడిస్తే అవిశ్వాసం” అంటాం. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడని చదివిన నోటితోనే ఈ చివరి మాట అంటాం. “ఏదో పాపం అడ్డం ఉండి ఉంటుంది” అన్న మాటైతే అసలే వద్దు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీని తల్లిదండ్రులదీ కాదని ప్రభువు తేల్చేశాడు. ఆమె పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి. “అక్కా, పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా?” అని అడగండి. ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నప్పుడు దూత అతనికి ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి ఇచ్చాడు, తిని పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుని మాట వచ్చింది ఆ తర్వాతే. అదే వరుస మనకూ. జావ, అన్నం పప్పు, పిల్లలకు స్నానం, రెండు బిందెల నీళ్లు. వాక్యం చదవాలనిపిస్తే చిన్నది చాలు: 13వ కీర్తనలో ఆరే వచనాలున్నాయి, “ఎంతకాలము” అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉందని తెలిస్తే, దేవుని ముందు ఏడవడానికి ఆమెకు భయం పోతుంది.

పత్తి పండే ఊళ్లలో ఇంకొక జాగ్రత్త. దుఃఖంలో ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బా ఉండకూడదు. పనిముట్ల పెట్టెలోనో, పశువుల కొట్టంలోనో మిగిలిన సీసాలు ఉంటాయి. మొదటి రోజే మగవాళ్లను పంపి తీయించండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా “నేనుండి ఏం లాభం” అంటుంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఆమెను ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వాళ్లు డబ్బు లేకుండా మాట్లాడతారు, డాక్టరు దగ్గరికి దారి చూపిస్తారు. ప్రార్థన చేయించడం, డాక్టరుకు చూపించడం ఒకదానికొకటి అడ్డు కాదు.

ఇక కాగితాలు. చాలామంది భక్తులకు ఇది ఆత్మీయమైన పనిగా కనబడదు. అన్యాయస్థుడైన న్యాయాధిపతి చుట్టూ విసుగు లేకుండా తిరిగిన విధవరాలి కథను ప్రభువు ప్రార్థన గురించి చెబుతూ వాడాడంటే, తహసీల్ ఆఫీసు మెట్లెక్కి దిగే ఆడమనిషి ఆయనకు బాగా తెలిసిన మనిషే. మరణాన్ని 21 రోజుల్లోపు గ్రామపంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయిస్తే రుసుము లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఆదరణ కూడిక తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే ఆ 21వ రోజు చుట్టూ ఒక సున్నా చుట్టండి. మరణ ధ్రువపత్రం కనీసం ఐదారు కాపీలు తీసుకోండి. అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందా వెనకా అన్నది అక్కడే నిలబడి చూసుకోండి. కాగితంలో ‘దావీదు’, ఆధార్‌లో ‘దేవయ్య’ అని ఉంటే ఇద్దరూ ఒక్కరేనని రుజువు చేసుకోవడానికి నెలలు పడుతుంది. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో రాసిన పేరు ఒకటి ఉండే మన ఇళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఆత్మహత్యో, కరెంటు షాకో, పాముకాటో, రోడ్డు ప్రమాదమో అయితే తొందరపడి సమాధి చేయవద్దు. పరువు పోతుందని, పోలీసుల గొడవ ఎందుకని అదే రోజు మట్టి చేసేస్తారు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం లేకపోతే ఆ తర్వాత ఏ పరిహారం అడగాలన్నా ఆధారం ఉండదు. రైతు ఆత్మహత్య అయితే ఆర్డీఓతో కూడిన త్రిసభ్య కమిటీ విచారిస్తుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం పెంచిన పరిహారం రూ.6 లక్షలు, అందులో లక్ష అప్పుల పరిష్కారానికి. ఆ కమిటీ ముందు నిలిచేవి కాగితాలే: ప్రామిసరీ నోటు నకళ్లు, విత్తనాల, ఎరువుల దుకాణం బిల్లులు, బ్యాంకు నోటీసు, కౌలు మాట రాసుకున్న చిట్టీ. దినాలకు ఇల్లు సర్దుతూ ఈ చిట్టీలన్నీ చెత్తలో పారేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. ఒక పాత సంచిలో వేసి దండేనికి కట్టేయండి. ఇంకో మాట: అలా పోయినవాని సమాధి దగ్గర నరకం గురించి ప్రసంగించే పాస్టర్లు ఉన్నారు. వింటున్నది అతని భార్యాపిల్లలు. ఆ పూటకు ఆ మాట మానేయమని చేతులెత్తి అడుగుతున్నాం.

పట్టాదారు పాసుపుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసువాళ్లయితే 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది. ఏ కారణంతో చనిపోయినా నామినీకి ఎల్ఐసీ ద్వారా రూ.5 లక్షలు. ఊరి వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) వెంటనే చెప్పాలి. మరణ ధ్రువపత్రం, నామినీ ఆధార్, బ్యాంకు పుస్తకం కావాలి. ఎక్కడ తప్పుతుందంటే, నామినీగా పెళ్లికి ముందు రాయించిన తల్లి పేరో, చనిపోయిన తండ్రి పేరో అలాగే ఉండిపోతుంది. ఇది ఇప్పుడే, మనిషి బతికుండగానే చూసుకోవాల్సిన పని. కౌలు రైతు భార్యకు ఈ బీమా రాదు, అందుకే సంఘం ఆమె దగ్గర ఇంకా ఎక్కువ ఆగాలి. ఇంటికి సంపాదించి పెట్టే మనిషి 60 ఏళ్లలోపు పోతే, పేద కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒక్కసారి రూ.20,000 వస్తుంది, తహసీల్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. వితంతు పింఛను 2019 నుంచి రూ.2,016. భర్త వదిలేసి ఏడాది దాటిన స్త్రీకి ఒంటరి మహిళ పింఛను 2017 నుంచి ఉంది, కానీ దాన్ని అడగడానికే సిగ్గుపడేవాళ్లు ఎందరో. తండ్రి లేని పిల్లల చదువుకు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు రూ.4,000 ఇస్తారు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.72,000 మించకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. ఈ పథకం సంగతి సంఘాల్లో దాదాపు ఎవరికీ తెలియదు. ఆమె వెంట ఆఫీసుకు చదువుకున్న ఒక అమ్మాయిని పంపితే సగం పని అయినట్టే. బస్సు చార్జీ సంఘం పెట్టుకోవాలి. ఆ రోజు పోయిన కైకిలి, అంటే కూలి, కూడా ఇస్తే ఇంకా మంచిది.

డబ్బు ఖాతాలో పడ్డ వారంలో ఆ ఇంటికి వచ్చేవాళ్లు పెరుగుతారు. మరిది ట్రాక్టర్ కొందామంటాడు. తమ్ముడు ప్లాటు చూపిస్తాడు. “విత్తన కానుక వేయి, నూరంతలు వస్తుంది” అనే ఫోన్లు కూడా వస్తాయి. విధవరాలి రెండు కాసుల మీద ప్రసంగం వినని సంఘం లేదు, కానీ మార్కు 12వ అధ్యాయంలో దానికి సరిగ్గా ముందు వచనం ఎవరూ చదవరు. దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లు మింగేసేవాళ్లకు మరి విశేషమైన శిక్ష అని ప్రభువు అన్నది అక్కడే. ఆ మాట అన్న వెంటనే ఆయన కానుకపెట్టె ఎదుట కూర్చున్నాడు. పరిహారపు డబ్బులో దశమభాగం అడగడం మా దృష్టిలో పాపం. ఆమె తన మనసుతో ఇస్తే వేరు సంగతి. అదీ ఏడాది గడిచాకే తీసుకోండి.

ఆ సొమ్ము ఆమె ఒక్కదాని పేరు మీదున్న ఖాతాలోనే ఉండాలి. ఏటీఎం కార్డు, పిన్ను ఆమె దగ్గరే ఉండాలి. చదువు రానామెకు సంతకం నేర్పడానికి పది పన్నెండు రోజులు చాలు, వేలిముద్ర కంటే అది ఎంతో కాపుదల. పోస్టాఫీసు నెలవారీ ఆదాయ పథకం వడ్డీ 2023 ఏప్రిల్ నుంచి 7.4 శాతం. రూ.5 లక్షలు వేస్తే నెలకు రూ.3,083 వస్తుంది, అసలు ఐదేళ్లకు చేతికొస్తుంది. పింఛనుతో కలిపితే నెలకు అయిదు వేల పైచిలుకు. కూలి దొరకని ఎండాకాలం పొయ్యి వెలగడానికి అది ఆధారం.

అప్పుల విషయంలో 2 రాజులు 4వ అధ్యాయం కంటే మంచి పాఠం మాకు కనబడలేదు. ప్రవక్తల శిష్యుడు అప్పుతో చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా మొదట అడిగిన మాట, నీ ఇంట్లో ఏముంది అని. రెండోది, ఇరుగుపొరుగు దగ్గర వట్టి పాత్రలు అరువు తెచ్చుకో, తక్కువ తేవద్దు అని. నూనె నిండాక చెప్పింది: అమ్ము, అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి. అద్భుతం నూనెలో జరిగింది, లెక్క మాత్రం ఆమె చేతులతోనే చేయించాడు. మనమూ ఒక నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీసి రాయించాలి: ఎవరికి, అసలెంత, వడ్డీ ఎంత, కాగితం ఉందా. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రూ.40,000కు నెలకు రూ.1,200, ఏడాదికి రూ.14,400, అసలు అలాగే ఉంటుంది. ముందు తీర్చాల్సింది ఇదే, అందరికంటే గట్టిగా అరిచేవాడి బాకీ కాదు. మహిళా సంఘం రుణం వడ్డీ దీనికి ఎంతో తక్కువ. దాన్ని తెచ్చి దీన్ని కడితే భారం దిగుతుంది. కట్టిన రోజే నోటు వెనక్కి తీసుకుని, సాక్షుల ముందు చింపించాలి. “రేపిస్తాలే” అన్న నోటు రెండేళ్లకు కోర్టులో తేలుతుంది.

చనిపోయినవాని అప్పుకు అతని నుంచి వచ్చిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. భార్య తాను కూడా సంతకం పెట్టి ఉంటే తప్ప ఆమె కైకిలి పైసలు దానికి కట్టాల్సిన పని లేదు. అందుకే దినాలు కాకముందే కొత్త నోటు మీద ఆమె వేలిముద్ర వేయించుకునేందుకు తొందరపడతారు. వేయనివ్వకండి. మైక్రోఫైనాన్స్ వాళ్లు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు రాకూడదన్నది 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధన. వాళ్లు వచ్చే రోజున ఆ ఇంటి ముందు సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు ఊరికే కూర్చున్నా చాలు, గొంతులు తగ్గుతాయి.

ఆస్తి గురించి ఒక మాట. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా భర్త పోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు. కొడుకులకూ బిడ్డలకూ సమానం. కాగితాల్లో మతం వేరేగా ఉన్న కుటుంబాలకు లెక్క మారవచ్చు కనుక వకీలును అడగండి. వకీలు ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేయవచ్చు. “మా తల్లిగారింట్ల భాగం అడిగితే దేవునికి ఇష్టముండదేమో” అనే అక్కచెల్లెళ్లకు సంఖ్యాకాండం 27 చదివి వినిపించండి. సెలోపెహాదు కూతుళ్లు ఐదుగురు మోషే ముందు, సమాజమంతటి ముందు నిలబడి తండ్రి భాగం అడిగారు. వాళ్లు చెప్పింది యుక్తమే అని తీర్పిచ్చింది దేవుడే. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఐదు పేర్లూ గ్రంథంలో రాయించాడు.

భర్త పోయినామె కష్టం సంఘానికి కనీసం కనబడుతుంది. భర్త ఉండి తన్నులు తినేదాని కష్టం నాలుగు గోడల మధ్యే ఉంటుంది. మన సంఘాలు అన్నిటికంటే ఎక్కువ తప్పు చేస్తున్నది ఇక్కడేనని నిష్ఠూరంగా అయినా చెప్పక తప్పదు. దెబ్బలతో వచ్చినామెకు “లోబడి ఉండమ్మా, నీ ప్రవర్తన వల్ల అతడు రక్షించబడతాడు” అని పేతురు పత్రిక చదివి, ప్రార్థన చేసి, ఆ రాత్రే తిప్పి పంపుతారు. అదే అధ్యాయంలో నాలుగు వచనాలు దాటితే భర్తకు ఆజ్ఞ ఉంది: భార్యను సన్మానించాలి, లేకపోతే అతని ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుంది. కొట్టే చేతులతో ఆదివారం మైకు పట్టుకునేవాళ్లకు ఆ వచనం చదవాలి. పౌలు దమస్కులో తనను పట్టుకోవడానికి కాపలా పెట్టినప్పుడు గోడ మీద నుంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. నాబాలు మొరటుతనం ఇంటి మీదికి ముప్పు తెచ్చినప్పుడు అబీగయీలు అతనికి చెప్పకుండానే గాడిదల మీద రొట్టెలు ఎక్కించుకుని బయల్దేరి, ఇంటిని కాపాడింది. ప్రాణం కాపాడుకోవడం అవిశ్వాసం కాదు.

ఆమె వచ్చిన రాత్రి చేయాల్సింది ఇది. భార్యాభర్తలిద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి పంచాయితీ చేయవద్దు. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఇంటికి పోయాక దానికి కూడా దెబ్బలు తినాలి. ఆమెను విడిగా, మరో ఆడమనిషి సమక్షంలో వినండి. దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు రాయించండి. “జారిపడ్డా” అని రాయిస్తే తర్వాత అదే ఆమెకు ఎదురుతిరుగుతుంది. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112 లేదా 100, సలహాకు, ఆశ్రయానికి 181. జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో ఐదు రోజుల దాకా ఉండనిస్తారు; వైద్యం, వకీలు, పోలీసు సాయం అక్కడే దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారి నివేదిక రాసి కోర్టుకు ఇస్తారు. మొదటి విచారణ మామూలుగా మూడు రోజుల్లోపు పెట్టాలని, అరవై రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. భరణానికి, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త నేర విచారణ చట్టం 144 సెక్షన్ కింద, వేరేగా కూడా అడగవచ్చు. ఆమె ఆధార్, రేషన్ కార్డు, పిల్లల టీసీలు, బ్యాంకు పుస్తకం, రెండు జతల బట్టలు ఒక సంచిలో కట్టి నమ్మకమైన సహోదరి ఇంట్లో ముందే ఉంచుకోమని చెప్పండి. అతడు మారతాడా, మళ్లీ కలుస్తారా అన్నది తర్వాతి మాట. మారాడని ఒక ఆదివారం ఏడ్చి సాక్ష్యం చెప్పినందుకు నమ్మకండి. ఆరునెలలు తాగకుండా, కూలి పైసలు ఇంట్లో ఇస్తూ, విడిగా ఉండి చూపించాలి.

బొంబాయి, పూనా వలసపోయిన ఇళ్ల సంగతి కొంచెమే రాస్తాం. గుంపు మేస్త్రీతో భర్త పోతే, ఇంటి దగ్గర భార్య అత్తమామలతో, పైసల కోసం చూస్తూ ఉంటుంది. ఇద్దరూ పోతే పిల్లలు నాయనమ్మ దగ్గర మిగులుతారు. నెలకోసారి ఆ నాయనమ్మ ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టి, ఫోన్‌లో తల్లిని కలిపి, పిల్లలతో ఒక కీర్తన పాడించండి. అయ్యే ఖర్చేమీ లేదు.

రోగం దగ్గర విశ్వాసం పేరుతో జరిగే నష్టం చాలా పెద్దది. రక్తస్రావంతో పన్నెండేళ్లు బాధపడిన స్త్రీ వైద్యుల దగ్గర తనకున్నదంతా ఖర్చు పెట్టుకుందని మార్కు రాశాడు గానీ, వైద్యుల దగ్గరికి పోయినందుకు ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు. కుమారీ అని పిలిచాడు. అధిక రక్తస్రావం మన పత్తి చేన్లలో మామూలు జబ్బు. ముప్పై ఏళ్లకే గర్భసంచి తీయించుకోమని ఎవరైనా చెబితే, ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో రెండో డాక్టరుకు చూపించకుండా ఒప్పుకోవద్దు. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష, స్కానింగ్ చేయించాలి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. ఐరన్ మాత్రలు ఏఎన్ఎం దగ్గర ఉచితం. చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టవు, గంట తేడా ఉండాలి.

శుక్రవారం ఉపవాస ప్రార్థన మంచిదే. అయితే గర్భిణి, బాలింత, రక్తం తక్కువున్నామె, షుగర్ మాత్రలు వేసుకునే పెద్దమ్మ ఉపవాసం ఉండకూడదు. మాత్ర వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పవచ్చు. కూడిక మొదలుపెట్టేటప్పుడే పాస్టరమ్మ ఈ మాట మైకులో చెబితే ఎవరూ సిగ్గుపడరు. వాళ్లు చాయ్ మానేసో, టీవీ మానేసో ప్రార్థించవచ్చు. టీబీ మందు మామూలుగా ఆరు నెలలు పూర్తిగా వాడాలి. రెండు నెలలకు దగ్గు తగ్గిందని, స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పించి మాత్రలు మాన్పిస్తే రోగం మందుకు లొంగని రకంగా తిరిగి వస్తుంది, ఇంట్లో పిల్లలకూ అంటుతుంది. సాక్ష్యం ఆరో నెల పరీక్ష అయ్యాక చెప్పించండి. చికిత్స నడిచినన్నాళ్లు తిండికి ప్రభుత్వం నెలకు రూ.1,000 ఇస్తుంది. నూనె రాసి ప్రార్థించమన్న యాకోబు, పెద్దలను పిలిపించుకోమని రోగికే చెప్పాడు. అంటే పెద్దలే ఆమె మంచం దగ్గరికి రావాలి.

కూడిక వేళ గురించి చెప్పాలి. పగలు పదకొండు గంటలకు స్త్రీల కూడిక పెడితే వచ్చేది ఇంటిపట్టున ఉండేవాళ్లే. పత్తి ఏరే అక్టోబరు నుంచి జనవరి దాకా కైకిలి ఆడవాళ్లు తెల్లవారకముందే ఆటో ఎక్కుతారు. కిలో లెక్కన కూలి కనుక ఒక పూట మానితే ఆ పైసలు పోయినట్టే. “ప్రార్థనకు రాదు, చల్లారిపోయింది” అని వాళ్ల గురించి అనడం అన్యాయం. రాత్రి ఏడున్నరకు, వాడకట్టులో ఎవరి వాకిట్లోనైనా, నలభై నిమిషాలకు మించకుండా పెట్టండి. లేదా సద్ది తినే వేళ చేను గట్టుకే పోండి, ఇరవై నిమిషాలు చాలు. ఒక పాట, ఒక కీర్తన, తర్వాత ఒక్కొక్కరు ఒక్క అక్కర చెప్పాలి. చదువు వచ్చినామె దాన్ని తేదీ వేసి రాయాలి, వచ్చే కూడికలో మొట్టమొదట ఆ పేజీయే తీయాలి. పోయినసారి నీ బిడ్డకు జ్వరమన్నవు, ఎట్లుంది? ఆ ఒక్క ప్రశ్న చేసే పని పెద్ద ప్రసంగం చేయదు. చదువు రానివాళ్లకు వారానికి ఒక్క వచనం నోటికి పట్టిస్తే ఏడాదికి యాభై వస్తాయి, ఫోన్‌లో బైబిలు వినడమూ నేర్పవచ్చు. కూడికలో చెప్పిన ఇంటి సంగతిని ఆదివారం మైకులో “ఒక సహోదరి భర్త…” అంటూ ప్రార్థనాంశంగా చదవడం మాత్రం మానాలి. పేరు చెప్పకపోయినా ఊరికి తెలుస్తుంది, ఆమె మళ్లీ నోరు విప్పదు.

పిడికెడు బియ్యం కుండ మన అమ్మమ్మల నాటిది. చాలాచోట్ల ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టాలి. వంటకు ఎసట్లో పోసేముందు ఒక పిడికిలి, అంటే దాదాపు 50 గ్రాములు, పక్కన కుండలో వేయడమే. రెండు పూటలా 30 ఇళ్లు వేస్తే రోజుకు 3 కిలోలు, నెలకు 90 కిలోలు. ముగ్గురు విధవరాండ్ర ఇళ్లకు నెలంతా సరిపోతాయి. దొడ్డు బియ్యం, సన్న బియ్యం కలిస్తే అన్నం సరిగా ఉడకదు కనుక రెండు సంచులు పెట్టండి. వానాకాలం పురుగు పడుతుంది. వారం వారం ఎత్తి పంచేయాలి, కుండలో రెండు వేపరెబ్బలు వేయాలి. లెక్క ఇద్దరు ఆడవాళ్లు రాయాలి, వాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు పుట్టినప్పుడు, అపొస్తలులు దాన్ని పుకారు అనుకోలేదు, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. మనమూ సణుగుడును వినాలి. అందులో సగమన్నా నిజం ఉంటుంది.

తీసుకునే చేతులుగానే ఆ స్త్రీలను ఉంచకండి. గాజులు పగలగొట్టడం, పెళ్లి ప్రార్థనలో వెనక నిలబెట్టడం క్రైస్తవ ఇళ్లలో ఇంకా పోలేదు. దేవాలయంలో శిశువైన యేసును చూసి విమోచన కోసం కనిపెట్టేవాళ్లందరికీ ఆయన గురించి చెప్పింది అన్న అనే పేరుగల విధవరాలు, ప్రవక్త్రి. పెళ్లిలో మొదటి ప్రార్థన మన విధవరాండ్రతో చేయించండి, సంఘ కమిటీలో ఒక కుర్చీ వాళ్లకు ఇవ్వండి. కష్టం దాటి వచ్చినామె కొత్తగా కష్టంలో పడ్డదాని ఇంటికి పోయి కూర్చుంటే ఏ మాటా చెప్పనక్కర్లేదు.

చివరగా సంపాదకులు గారికి ఒక మనవి. 112, 181, 15100, 14416 నంబర్లను మీ జిల్లా పేజీలో వారానికి ఒక్కసారి, మూలన చిన్న డబ్బాలోనైనా వేయండి. సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇళ్లెన్నో డిసెంబరు మొదటి ఆదివారమే రాసుకోండి. తొలి క్రిస్మస్‌కు ఆ ఇంటికి సున్నం పడదు, పిల్లలు స్టార్ కట్టమని అడగరు, అడగాలని ఉన్నా. 23వ తేదీ సాయంత్రం ఒక సున్నం బకెట్, కాగితం స్టార్, ఒక బల్బు, పది మీటర్ల వైరు పట్టుకుని నలుగురు వెళ్లండి. స్టార్ పిల్లలతోనే కట్టించండి. స్విచ్ ఆమెతో వేయించండి.

ఇట్లు,
స్త్రీల కూడికల్లో పరిచర్య చేసే సహోదరీలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా